షయాన్ హెలికాప్టర్ కిట్: గైరో దగ్గర తప్పింది, మిగతాచోట ఫరవాలేదు

ఏహెచ్-56 షయాన్ అనే అమెరికన్ దాడి హెలికాప్టర్‌కు 1/72 కొలతలో వచ్చిన ప్లాస్టిక్ కిట్‌ను గత వేసవిలో విశాఖపట్నంలోని ఒక దుకాణం ద్వారా తెప్పించుకున్నాను. ధర 2,400 రూపాయలు, కొరియర్‌కు మరో 190 రూపాయలు అయింది. ఒడిశాలోని కొరాపుట్ జిల్లాలో ఉంటున్న మాబోటి తెలుగువాళ్లకు పుస్తకమైనా, పెళ్లి చీరైనా సాలూరు ఘాట్ ఎక్కి రావలసిందే కనుక, ఇది జయపురం చేరడానికి తొమ్మిది రోజులు పట్టడం నాకు వింతగా తోచలేదు. ప్లస్ టూ పిల్లలకు ఇంటి దగ్గర భౌతికశాస్త్రం చెబుతుంటాను. తిరుగుతున్న బొంగరాన్ని ఒకవైపు నెడితే అది ఆ వైపుకు కాక దానికి అడ్డంగా ఎందుకు ఒరుగుతుందో వివరించడానికి ఏదైనా అసలైన యంత్రాన్ని చూపించాలన్న కోరికతోనే దీన్ని కొన్నాను. గైరో అనే బొంగరం వంటి తిరిగే భాగం ద్వారా ఆ నియమం మీదనే ఆధారపడి ఎగిరిన హెలికాప్టర్ షయాన్. ఈ సమీక్షలో నా ఫిర్యాదు కూడా ప్రధానంగా అక్కడే ఉంది.

పెట్టె తెరవగానే తెలిసిపోయేది ఏమిటంటే, ఇది పాత అచ్చుల్లో మళ్లీ పోసిన సరుకు. భాగాల అంచుల వెంట కాగితం మందాన ప్లాస్టిక్ పొర మిగిలిపోయింది. దాన్ని చాకుతో గీకి, గరుకు కాగితంతో రుద్ది శుభ్రం చేయడానికే రెండు సాయంత్రాలు పోయాయి. పైలట్ గదిని కప్పే పారదర్శకపు మూత ఒక మూల చిట్లి వచ్చింది. ఫొటో తీసి దుకాణానికి పంపితే, పెట్టె తెరిచిన తరువాత మార్పిడి ఉండదని జవాబు వచ్చింది. తెరవకుండా లోపల చిట్లిందో లేదో ఎలా తెలుస్తుందో వారు చెప్పలేదు.

కొలతల విషయంలో మాత్రం కిట్‌ను మెచ్చుకోవాలి. అసలు హెలికాప్టర్‌లో పైన గిర్రున తిరిగే రెక్కల చక్రం, అంటే రోటరు, వ్యాసం సుమారు 15.6 మీటర్లు, 72తో భాగిస్తే 217 మిల్లీమీటర్లు రావాలి, నా స్కేలు మీద 214 వచ్చింది. పొడవులో తేడా అంతకన్నా తక్కువ. ఇంత పాత అచ్చుకు ఇది మంచి లెక్కే. తోక భాగం మరింత శ్రద్ధగా చేశారు. షయాన్‌కు చిట్టచివర, విమానానికి ముందుండే ప్రొపెల్లర్ వంటిదే వెనక నుంచి తోసే మూడు రెక్కల ప్రొపెల్లర్ ఒకటి ఉంటుంది; అడ్డ తోక ఎడమ కొసన, శరీరం గిర్రున తిరిగిపోకుండా ఆపే నాలుగు రెక్కల చిన్న రోటరు మరొకటి ఉంటుంది. వేగంగా పోయేటప్పుడు బరువులో ఎక్కువ భాగాన్ని శరీరానికి రెండు పక్కలా ఉండే పొట్టి రెక్కలు మోస్తే, ఇంజన్ శక్తి ప్రధానంగా వెనక ప్రొపెల్లర్‌కు పోతుంది, పైనున్న పెద్ద రోటరుకు శ్రమ తగ్గుతుంది. ఈ ఏర్పాటుతోనే అది గంటకు 390 కిలోమీటర్ల వేగాన్ని అందుకుంది. కిట్‌లో ఈ రెండు తోక రోటర్లూ విడివిడిగా తిరుగుతాయి. పిల్లలకు ముందుగా నచ్చింది అదే.

కిట్‌తో వచ్చిన కాగితంలో చరిత్ర నాలుగు వాక్యాలకు మించి లేదు, అదీ వేగం గురించీ తుపాకుల గురించే. కొనేవారి కోసం మిగతాది నేను చెబుతాను. అమెరికా సైన్యం 1964 ఆగస్టులో ప్రతిపాదనలు కోరింది, 1965 నవంబరులో సికోర్‌స్కీ కంపెనీని కాదని లాక్‌హీడ్ కంపెనీని ఎంచుకుంది, 1966 మార్చిలో 10 ప్రయోగాత్మక నమూనాలకు ఒప్పందం చేసుకుంది. మొదటి నమూనా 1967 మే 3న కాలిఫోర్నియాలోని వాన్ నైస్‌లో బయటికి వచ్చి, అదే ఏడాది సెప్టెంబరు 21న ఎగిరింది. 1968 జనవరిలో 375 హెలికాప్టర్లకు ఆర్డరు కూడా ఇచ్చేశారు. పరీక్షలు పూర్తికాకముందే అంత పెద్ద ఆర్డరు ఇవ్వడం ఎంత తొందరపాటో తరువాతి 16 నెలలు చూపించాయి.

ఇక గైరో సంగతి. కిట్ కట్టడం పూర్తయ్యాక మా పక్కింటి పెద్దాయనకు చూపించాను. ఆయన సునాబెడలోని హిందుస్థాన్ ఏరోనాటిక్స్ (హెచ్‌ఏఎల్) కర్మాగారంలో మిగ్ ఇంజన్ల పని చేసి పదవీ విరమణ పొందిన ఫిట్టరు. రోటరు తలను, అంటే రెక్కలన్నీ వచ్చి కలిసే మధ్య భాగాన్ని, కాసేపు వేలితో తిప్పి చూసి, "ఏటి మాస్టారూ, ఈ రెక్కలకి కీళ్లేవీ?" అన్నారు. సరిగ్గా అడగవలసిన ప్రశ్న అదే. ఆనాటి హెలికాప్టర్లలో చాలా వాటికి ప్రతి రెక్క మొదట్లోనూ పైకీ కిందికీ, ముందుకూ వెనక్కూ ఊగే కీళ్లుంటాయి. లాక్‌హీడ్ ఆ కీళ్లను తీసేసి రెక్కలను తలకు గట్టిగా బిగించింది. ఈ పద్ధతిని ముందుగా ఎక్స్‌హెచ్-51 అనే చిన్న ప్రయోగాత్మక హెలికాప్టర్ మీద పరీక్షించారు. పక్కన జెట్ ఇంజన్ తగిలించిన దాని రూపం ఒకటి 1967లో గంటకు 480 కిలోమీటర్లు దాటింది. కీళ్లు లేని రోటరు చేతికి చాలా చురుకుగా స్పందిస్తుంది, గాలి వడికి కూడా అంతే చురుకుగా స్పందించడమే చిక్కు. అందుకే రోటరు తల మీద దానితోపాటే తిరిగే కడ్డీల గైరోను పెట్టారు. గాలి తోపుకు హెలికాప్టర్ ఒరిగినా గైరో బొంగరంలా తన స్థితిని వదలదు. ఆ తేడాయే రెక్కల కోణాన్ని మార్చి యంత్రాన్ని మళ్లీ సరిచేస్తుంది. పైలట్ కూడా రెక్కలను నేరుగా తిప్పడు, స్ప్రింగుల ద్వారా గైరోను నెడతాడు, గైరో రెక్కలను తిప్పుతుంది.

ఇంతటి భాగాన్ని కిట్‌లో ఒక మొద్దు ముక్కగా, రోటరు తలతో కలిపి ఒకే పోతగా పోశారు. కడ్డీలకూ తలకూ మధ్య సందు లేదు, ఒరిగే వీలు అసలే లేదు. చక్రాల మూతల మీద రివెట్లు కూడా లెక్కపెట్టగలిగేలా చెక్కినవారు ఆ హెలికాప్టర్ ప్రాణమున్న చోటును ఇలా వదిలేయడం నాకు మింగుడుపడలేదు. చివరకు ఆ ముక్కను కోసి పారేసి, సన్నని ఉక్కు తీగతోనూ పూసలతోనూ సొంతంగా ఒకటి కట్టుకున్నాను. అది వంకరగానే ఉంది కాని ఒరుగుతుంది.

షయాన్ కార్యక్రమం తడబడింది కూడా ఈ రోటరు దగ్గరే. 1969 మార్చి 12న మూడవ నమూనా పరీక్షలో ఉండగా పెద్ద రోటరు రెక్కలు శరీరాన్ని తాకి, హెలికాప్టర్ కూలి, పైలట్ మరణించాడు. రోటరు రెండు చుట్లు తిరిగేసరికి ఒకసారి వచ్చే ఊపును ఇంజనీర్లు హాఫ్-పి హాప్ అనేవారు. ఆ రోజు ఆ ఊపును కావాలనే రేపి చూడడం పరీక్షలో భాగం. పైలట్ చేతి కదలికలూ ఊపూ ఒకదానినొకటి పెంచుకుంటూ పోయి, అదుపు చేసే శక్తి రోటరుకు లేకుండా పోయిందని విచారణలో తేలింది. అదే ఏడాది గాలి సొరంగంలో పరీక్షిస్తున్న మరో నమూనా కూడా ధ్వంసమైంది. మే 19న 375 హెలికాప్టర్ల ఆర్డరును రద్దు చేశారు. లాక్‌హీడ్ పట్టు వదలక గైరోను రోటరు తల మీద నుంచి దించి, గేరు పెట్టెకు దిగువన అమర్చి, నియంత్రణ పద్ధతినే మార్చింది. కాని పెరిగిన ఖర్చూ, నేల మీది సైన్యానికి గాలి నుంచి తోడ్పడే పని మాదేనన్న వైమానిక దళం పంతమూ కలిసివచ్చి 1972 ఆగస్టు 9న మొత్తం కార్యక్రమానికి తెరపడింది. సైన్యం మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టి తెచ్చుకున్నదే 1975లో మొదటిసారి ఎగిరిన అపాచీ దాడి హెలికాప్టర్.

కొనేవారు ఇక్కడ ఒకటి గమనించాలి. ఈ కిట్‌లో గైరో తల మీదే ఉంది కనుక ఇది తొలినాళ్ల రూపం. పెట్టెలో ఇచ్చిన అంకెల స్టిక్కర్లలో ఏది వాడినా, 1972 నాటి సవరించిన నమూనా అని చెప్పుకోవడానికి వీలులేదు.

ముందు సీటు విషయం కూడా చెప్పాలి. షయాన్‌లో తుపాకులు నడిపేవాడు ముందు, పైలట్ వెనక కూర్చుంటారు. ముందున్నవాడి సీటు, చూపు గొట్టంతో సహా, తుపాకి తిరిగిన వైపుకు తిరుగుతుంది. పొట్ట కింద ఉన్న 30 మిల్లీమీటర్ల ఫిరంగి చుట్టూరా తిరగగలదు. కిట్‌లో సీటును నేలకు జిగురుతో అంటించమన్నారు. అంటించకండి. అడుగున సన్న రంధ్రం చేసి గుండుసూది గుచ్చితే చక్కగా తిరుగుతుంది, అయిదు నిమిషాల పని.

మా పెద్దాయన అడిగిన కీళ్ల ప్రశ్నకు మన దేశపు జవాబు కూడా ఉంది. 2010 మార్చి 29న మొదటిసారి ఎగిరి, 2022 అక్టోబరు 3న జోధ్‌పూర్‌లో వైమానిక దళంలో చేరిన మన దాడి హెలికాప్టర్ ప్రచండ్‌కు కూడా కీళ్లు లేని రోటరే ఉంది. గైరో కడ్డీలు మాత్రం లేవు. షయాన్ ఎగిరిన 1967లోనే జర్మనీలో బీఓ-105 అనే హెలికాప్టర్ మరో దారి చూపించింది: వంగే గుణమున్న గాజునార రెక్కలు పెడితే కీలు చేసే పనిలో చాలా భాగం రెక్కే చేస్తుంది. మన ధ్రువ్ హెలికాప్టర్, ఆ తరువాత ప్రచండ్ నడిచిన దారి అదే. ఈ మాట చెప్పగానే పెద్దాయన ప్రచండ్ కిట్ ఎక్కడ దొరుకుతుందని అడిగారు. నేనింకా వెతుకుతూనే ఉన్నాను.

కిట్‌కు నేనిచ్చేది 5కు 3. గైరోను విడిగా పోసి ఉంటే 4 ఇచ్చేవాణ్ని. స్టిక్కర్ల అంచులు పసుపెక్కి ఉన్నాయి. రెండు రోజులు కిటికీ అద్దానికి అంటించి ఎండ తగలనిస్తే కొంత తెల్లబడ్డాయి. నీళ్లలో మాత్రం పది క్షణాలకు మించి ఉంచకండి, నా రెండవ స్టిక్కరు అక్కడే ముక్కలైంది.