పులికాట్‌లో ఆ పిట్ట పేరు తేలిన రాత్రి

ముందుగా ఒక మాట. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్ళే రోడ్డు మీద ఎవరైనా మీ దగ్గరికొచ్చి, "డబ్బులిస్తే ఫ్లెమింగోల్ని లేపతా, ఎగిరేటప్పుడు తీసుకోండి" అంటే ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. మేం 800 ఇచ్చాం. ఏం కొంటున్నామో తెలియక ఇచ్చాం. ఆ బాధ ఇంకా పోలేదు కాబట్టే ఇదంతా రాస్తున్నాను.

సంక్రాంతి సెలవుల్లో నలుగురం వెళ్ళాం. నేను, మా బాబాయి, అక్క, అక్క కొడుకు. బాబాయి తపాలా శాఖలో పనిచేసి రిటైరయ్యాడు, పన్నెండేళ్ళుగా పక్షులు చూస్తున్నాడు. చూసిన ప్రతి పిట్టనూ తేదీ, వేళ, చోటుతో సహా నోటుపుస్తకంలో రాస్తాడు. మేనల్లుడు ఇంటర్ రెండో సంవత్సరం. వాడి దగ్గరున్నది చిన్న కెమెరా, సెకండ్‌హ్యాండ్‌లో 9,500 పెట్టి కొన్నది. నా 600 ఎంఎం లెన్స్ పక్కన అది తీయలేక రైలెక్కినప్పటి నుంచీ వాడు ముభావంగానే ఉన్నాడు.

విజయవాడలో పొద్దున్నే పినాకిని ఎక్కితే మధ్యాహ్నంలోపు సూళ్ళూరుపేటలో దిగొచ్చు. రైలు బాగుంది, సీట్లు దొరికాయి, చెప్పడానికేమీ లేదు. చెప్పాల్సింది లాడ్జి గురించి. రెండు గదులు, గదికి 1,400 చొప్పున రెండు రోజులకు ఫోన్లో మాట్లాడి, 1,000 అడ్వాన్సు పంపి వెళ్ళాం. కౌంటర్లో కుర్రాడు పుస్తకం తిరగేసి, "పక్షుల పండగ దగ్గర పడింది సార్, గది 2,600" అన్నాడు. పండగకి ఇంకా వారం ఉంది. అడ్వాన్సు పంపిన మెసేజ్ చూపిస్తే, "అది గది ఉంచడానికే సార్, రేటుకి కాదు" అన్నాడు. అక్క గొంతు పెంచింది. బాబాయికి ఎవరితోనూ గొడవపడటం గిట్టదు, సంచి తీసుకుని బయట అరుగు మీద కూర్చున్నాడు. ముప్పావుగంట వాదించాక ఒక్కటే గది 2,000కి ఇచ్చారు, అదనంగా ఒక పరుపు వేశారు, పరుపుకి 300. గీజర్ పనిచేయలేదు. కిటికీకి దోమతెర లేదు. వెళ్ళేవాళ్ళకి నా సలహా: జనవరిలో వెళ్తే గది రేటు రోజుల లెక్కతో సహా రాతపూర్వకంగా మెసేజ్‌లో తెప్పించుకోండి. లేదంటే నాయుడుపేటలో దిగి ఉండండి. మర్నాడు మేం కనుక్కుంటే అక్కడ అలాంటి గదే 1,200.

ఆ రోజు మధ్యాహ్నం నేలపట్టు వెళ్ళాం. కారు రెండు రోజులకి 5,200, డీజిల్ వాళ్ళదే. దొరవారిసత్రం దగ్గర హైవే దిగి లోపలికి వెళ్ళాలి. నీటికడప చెట్లు చెరువులో నిలబడి ఉంటాయి, వాటి మీద గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు. 1976 నుంచీ అభయారణ్యం. అంతకు ముందు నుంచే ఊరివాళ్ళకి ఇవి సొంత పక్షులు. రెట్టలు కలిసిన చెరువు నీళ్ళు పొలానికి బలం అని ఇప్పటికీ చెబుతారు. టవరెక్కి చూస్తే చాలు, ఎక్కడికీ పరుగెత్తక్కర్లేదు. సిబ్బంది మర్యాదగా మాట్లాడారు. గూడబాతు పైముక్కు మీద చుక్కల వరస ఫోటోలో కనబడాలంటే పక్క నుంచి తీయాలని బాబాయి మేనల్లుడికి చెప్పాడు. వాడు తలూపాడు గానీ తీయలేదు.

రెండో రోజు తెల్లవారుజామున రోడ్డెక్కాం. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోటకి సుమారు 18 కిలోమీటర్లు. అందులో ఎక్కువ భాగం రెండు పక్కలా పులికాటే. ఉప్పునీళ్ళూ మంచినీళ్ళూ కలిసే ఇలాంటి సరస్సుల్లో మన దేశంలో చిలికా తర్వాత ఇదే పెద్దది. పాతకాలం వాళ్ళు ప్రళయకావేరి అంటారు. దీవిలోకి పాసు లేకుండా పోనివ్వరు, కానీ పక్షుల కోసమైతే రోడ్డే చాలు. ఎండ ఇంకా పసుపుగా ఉంది. అర కిలోమీటరు దూరంలో ఫ్లెమింగోలు బారులు తీరి, తలలు తలకిందులుగా నీళ్ళలో పెట్టి, బురద వడగట్టుకుంటూ తింటున్నాయి. అక్క కారు దిగి ఏమీ మాట్లాడకుండా చాలాసేపు అలాగే నిలబడింది.

అప్పుడొచ్చాడు ఆ మనిషి. దగ్గరికి తీసుకెళ్తానన్నాడు, 1,500 అడిగి 800కి ఒప్పుకున్నాడు. గట్టు వెంట నడిపిస్తాడేమో, నిలబడ్డానికి మంచి చోటు చూపిస్తాడేమో అనుకున్నాం. డబ్బు జేబులో వేసుకుని లుంగీ ఎగ్గట్టి నీళ్ళలోకి దిగాడు. "కెమెరా రెడీగా పెట్టుకో సార్, అన్నిట్నీ ఒక్కసారే లేపతా" అన్నాడు. మేం వద్దనేలోపే చప్పట్లు కొడుతూ, మట్టిపెళ్ళలు విసురుతూ పరుగెత్తాడు.

ఫ్లెమింగో ఉన్నపళాన ఎగరలేదు. నీళ్ళ మీద నాలుగడుగులు పరుగెత్తితే గానీ దాని రెక్కకి గాలి అందదు. ఆ బారు మొత్తం ఒకదాన్నొకటి తోసుకుంటూ పరుగెత్తింది. ముక్కులోకి తీసుకున్న తిండి వదిలేసి, రెక్కల కింది ఎరుపు చూపిస్తూ లేచింది. మాకు కొంచెం అవతల ఆగిన రెండు కార్లవాళ్ళు ఈలలు వేశారు. పక్షులు దూరంగా వెళ్ళి దిగాయి, మళ్ళీ దిగిన చోట కుదురుకోలేదు. నేనొక్క ఫోటో కూడా తీయలేదు. అక్క కళ్ళు తుడుచుకుంది. "పిల్లలకి పాలిస్తున్న ఆవుని కర్ర పెట్టి లేపినట్టుంది" అంది. బాబాయి ఆ మనిషి దగ్గరికి వెళ్ళి, డబ్బు తిరిగి అడగలేదు. "నాయనా, ఇది అభయారణ్యం, 1972 చట్టం ప్రకారం వీటిని బెదిరించడం నేరం. అంతకన్నా ముఖ్యం, ఇవి లేకపోతే రేపు నీ దగ్గరికి ఎవరొస్తారు?" అన్నాడు. అతను తలొంచుకుని వెళ్ళిపోయాడు. నాకు అతని మీదకన్నా ఎగిరే ఫోటో కోసమే వచ్చే మా కెమెరాల వాళ్ళ మీద ఎక్కువ కోపమొచ్చింది. కొనేవాడుంటేనే కదా అమ్మేవాడు.

అక్కడ ఉండబుద్ధి కాలేదు. అటకానితిప్ప దాటి ఇంకా ముందుకు పోయి, మనుషులు లేని చోట ఆగాం. అప్పుడు కనబడింది మా పిట్ట.

పదిహేను ఇరవై బ్లాక్‌టెయిల్డ్ గాడ్‌విట్‌లు మోకాలి లోతు నీళ్ళలో మేస్తున్నాయి. పొడుగు కాళ్ళ, పొడుగు ముక్కు ఉల్లంకి జాతి పిట్టలు. వాటి మధ్య ఒకటి కొంచెం పొట్టి. వీపు మీద గీతలు గీతలుగా ఉంది. మిగతావి అటూ ఇటూ నడుస్తుంటే ఇది ఒకేచోట నిలబడి, కుట్టుమిషన్ సూదిలా ముక్కుని బురదలోకి దించుతూ తీస్తూ ఉంది. బాబాయి బైనాక్యులర్ దించి, గొంతు తగ్గించి, "ఆసియన్ డౌవిచర్ రా" అన్నాడు. మంగోలియా, సైబీరియా వైపు గూడుకట్టి చలికాలం దక్షిణానికి దిగే పిట్ట అది, మన తీరంలో ఎప్పుడో గానీ కనబడదు. పన్నెండేళ్ళ పుస్తకంలో దాని పేజీ ఖాళీగా ఉంది. బాబాయి చెయ్యి వణుకుతూ ఉండగానే వేళ రాశాడు: 8:40.

నేను వంద ఫోటోలు తీశాను. అక్క ఎదురెండలో తీసింది. మేనల్లుడు కారులోనే కూర్చుని, అద్దం దించి, రెండో మూడో నొక్కాడు. ఇంతలో పైన ఓ గద్ద తిరిగితే గుంపంతా లేచిపోయింది. మా పిట్టా లేచిపోయింది.

మధ్యాహ్నం సూళ్ళూరుపేట బస్టాండు దగ్గర ఒక మెస్‌లో తిన్నాం. భోజనం 120, చేపల పులుసు వేరుగా 100. పేరున్న హోటల్ కాదు, బోర్డు కూడా వెలిసిపోయింది. పులుసులో మామిడికాయ ముక్క, మెంతి వాసన, నిన్నటి పులుసుకి ఉండే ఆ చిక్కదనం. రెండు రోజుల్లో అక్క మొదటిసారి నవ్వింది. వడ్డించే పెద్దావిడ మేనల్లుడి విస్తరి చూసి, "ఏం అబ్బయా, ఇంత కొంచెమేనా" అని అడక్కుండానే ఇంకో ముక్క వేసింది. దానికి డబ్బులు తీసుకోలేదు. ఆ ఊళ్ళో నేను మళ్ళీ అడుగుపెడితే ఆ మెస్ కోసమే పెడతాను.

రాత్రి గదిలో, గీజర్ లేని ఆ గదిలో, నలుగురం కెమెరాలన్నీ లాప్‌టాప్‌కి తగిలించి కూర్చున్నాం. మా పద్ధతి ఒకటుంది: ఎవరి ఫోటో ఎలా ఉన్నా అందరూ అన్నీ చూపించాలి, చూపించేముందు ఏదీ చెరపకూడదు. పేరు ఎవరూ ముందు చెప్పకూడదు. కనబడింది మాత్రమే చెప్పాలి: కాళ్ళ రంగు, ముక్కు పొడుగు, వీపు గీతలు. పేరు ముందే అనుకుంటే కన్ను దానికి తగ్గవే వెతుక్కుంటుంది.

నా ఫోటోల్లో ఈకలు లెక్కపెట్టొచ్చు. కానీ వందలో తొంభై ఫోటోల్లో ముక్కు బురదలోనే ఉంది. పైకొచ్చిన నాలుగైదింట్లో దాని మీద బురద అంటుకుని నల్లగా కనబడుతోంది. అక్క ఫోటోలో మొత్తం పక్షే నీడ, ముక్కు నలుపో మరేదో చెప్పే వీల్లేదు. "డౌవిచర్‌కి ముక్కంతా నలుపే, తిన్నగా ఉంటుంది, కొస కొంచెం ఉబ్బుగా ఉంటుంది" అన్నాడు బాబాయి. అనుకున్న మాట నోట్లోంచి వచ్చేసింది. అక్క ఏమీ అనలేదు. నేనూ ఒప్పుకునేవాణ్ణే.

"నావి బాలేవు తాతయ్యా, చూడొద్దు" అన్నాడు మేనల్లుడు. అక్క కార్డు లాక్కుని పెట్టింది. మూడు ఫోటోలు. రెండు ఉత్త నీళ్ళు. మూడోది గుంపు లేస్తున్నప్పటిది, కదిలిపోయింది, మసక. కానీ మా పిట్ట పక్కకి తిరిగి ఉంది, ఎండ దాని ముఖం మీద పడింది, ముక్కు బురదలోంచి బయటికొచ్చి కడిగినట్టుంది. మొదటి సగం గులాబీ రంగు. కొస సన్నగా, కొంచెం పైకి వంగి ఉంది. రెక్క తెరిచి ఉంది, పక్కనున్న బ్లాక్‌టెయిల్డ్‌లన్నిటికీ రెక్క మీద తెల్లపట్టీ మెరుస్తుంటే దీనికి లేదు. తోక చివర నల్లపట్టీ లేదు, అడ్డచారలున్నాయి.

బాబాయి చాలాసేపు తెర దగ్గరికి వంగి చూశాడు. కళ్ళద్దాలు తీసి తుడిచి మళ్ళీ చూశాడు. "బార్‌టెయిల్డ్ గాడ్‌విట్" అన్నాడు. డౌవిచర్ కాదు. పుస్తకం తీసి 8:40 దగ్గర రాసిన పేరుని ఎర్రపెన్నుతో ఒక్క గీత కొట్టి, పక్కన సరైన పేరు, దాని కింద "ఫోటో ఆధారం: మనవడు" అని రాశాడు. కొట్టేసిన పేరు చదవడానికి వీలుగానే ఉంచాడు. ఎందుకు తాతయ్యా అంటే, "ఎక్కడ పొరబడ్డానో రేపు నాకు తెలియాలి కదరా" అన్నాడు.

తర్వాత రాత్రి పదకొండు దాకా ఆ పిట్ట గురించే. 2022లో అలాస్కాలో పుట్టిన ఓ బార్‌టెయిల్డ్ పిల్ల, అయిదు నెలల వయసుది, ఎక్కడా దిగకుండా పదకొండు రోజుల్లో 13,560 కిలోమీటర్లు ఎగిరి టాస్మేనియాలో దిగింది. వీపున కట్టిన ట్రాన్స్‌మిటర్ వల్ల లెక్క తెలిసింది. మాకు కనబడింది వేరే దారిన వచ్చే జట్టులోదే అయ్యుంటుంది, అయినా మేనల్లుడు ఆ అంకె మూడుసార్లు అడిగాడు. "తినకుండానా? నిద్ర పోకుండానా?" అని. మామూలుగా అరకిలో కూడా ఉండని పిట్ట. పొద్దున మట్టిపెళ్ళలకి లేచిన ఫ్లెమింగోలు గుర్తొచ్చి అక్క, "అంత దూరం నుంచి వచ్చినవాటికి మనం ఇక్కడ కాసేపు తిననివ్వకపోతే ఎలా" అంది.

ఆ రాత్రే ఈబర్డ్‌లో, అంటే చూసిన పక్షుల వివరాలు నమోదు చేసే వెబ్‌సైట్‌లో, ఎక్కించాం. మసక ఫోటోనే ముందు పెట్టాం, నా పదునైనవి తర్వాత. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి ఇదొక్కటి గట్టిగా చెబుతాను: అందమైన ఫోటో ఒకటి కన్నా, పక్క నుంచి, వెనక నుంచి, ఎగురుతూ తీసిన వికారమైన నాలుగు ఫోటోలు పేరు తేల్చడానికి పనికొస్తాయి. ఫోటో అంచులు కత్తిరించేటప్పుడు పిట్ట కాళ్ళు పోకుండా చూసుకోండి. గూడు మీదున్న పక్షిదైతే చోటు ఎవరికీ చెప్పకండి.

మూడో రోజు రైలుకి ముందు రెండు గంటలుంటే మళ్ళీ అదే చోటికి వెళ్ళాం. బార్‌టెయిల్డ్ కనబడలేదు. ముందు సీటు బాబాయి మేనల్లుడికి ఇచ్చి తను వెనక కూర్చున్నాడు. తిరిగొస్తూ బజార్లో కారు ఆపించి, 64 జీబీ కార్డు 650 పెట్టి వాడికి కొనిచ్చాడు. ప్లాట్‌ఫారం మీద రైలు వచ్చేలోపు వాడు తీగ మీది ఏట్రింత పిట్టనే నలభైసార్లు తీశాడు, ముందు నుంచి, వెనక నుంచి, ఎగురుతూ.