చీకటిని కోరే టైగర్ రొయ్య, వెలుతురును ఓర్చుకునే వనామీ

నెల్లూరు జిల్లా కండలేరు క్రీకు పరిసరాలలో ఒకప్పుడు చెరువుల నిండా టైగర్ రొయ్య ఉండేది. 1990ల మధ్యలో వచ్చిన తెల్లమచ్చ తెగులు దానిని కుంగదీసింది. పసిఫిక్ మహాసముద్రపు తూర్పు తీరానికి చెందిన వనామీ రొయ్య పెంపకానికి 2009లో మన దేశంలో అనుమతి లభించాక ఆ చోటును అది ఆక్రమించింది. ఈ రెండింటినీ ధర, దిగుబడులతోనే పోల్చడం మనకు అలవాటు. వెలుతురు పట్ల వాటి తీరును గమనిస్తే అంతకన్నా ఎక్కువ తెలుస్తుందని నా నమ్మకం.

టైగర్ రొయ్య స్వభావరీత్యా రాత్రి జీవి. పగలు అడుగున బురదలో ఒళ్ళు దాచుకొని, పొద్దు గుంకాక మేతకు బయటికి వస్తుంది. అప్పుడు గట్టు మీద నుంచి టార్చి వేస్తే దాని కళ్ళు నిప్పుకణికల్లా మెరుస్తాయి, ఆ దృశ్యం ఎన్నిసార్లు చూసినా అబ్బురమే. అందుకే దీనికి సాయంత్రం, రాత్రి మేతలే ముఖ్యం. చెరువు అడుగు నల్లబడి కుళ్ళితే, అది తలదాచుకునే చోటే విషమవుతుంది.

వనామీ బురదలో అంతగా దాగదు. పగలు కూడా మేత తింటుంది, అడుగునే కాక నీటి మధ్యలోనూ ఈదుతుంది కనుక చదరపు మీటరుకు 60 రొయ్య పిల్లల వరకు వేయడానికి నిబంధనలు అనుమతిస్తాయి.

అయినా ప్లవకాలు, అంటే నీటిలో తేలాడే సూక్ష్మజీవులు, నీటికి ఇచ్చే రంగు, దాని వల్ల అడుగుకు దొరికే నీడ రెండు రకాల రొయ్యలకూ అవసరమే. నీరు తేటపడితే అడుగున నాచు పెరుగుతుంది. అడుగు శుభ్రంగా ఉంచగలిగి, పలుచగా పిల్లను వేసే ఓపికున్న రైతుకు నేను టైగరునే సూచిస్తాను.