యోగా తరగతికి ఐదేళ్లుగా వాడుతున్న దుస్తులు, అక్కడ అలవాటైన పద్ధతులు

యోగా తరగతిలో చేరి ఐదేళ్లు దాటింది. వారానికి నాలుగు రోజులు, రోజుకు గంట చొప్పున సాగిన ఈ సాధనలో మూడు రకాల దుస్తులు వాడి చూశాను: వదులైన నూలు పైజామా, పాలిస్టర్ లెగ్గింగ్స్, నూలుకు కొద్దిగా స్పాండెక్స్ అనే సాగే పోగు కలిపి నేసిన ప్యాంటు. కొన్న కొత్తలో వాటి మీద ఏర్పడిన అభిప్రాయాలు చాలావరకు మూడో ఏటికల్లా మారిపోయాయి. కొత్తగా చేరబోయేవారు దుస్తుల గురించీ, తరగతిలో మెలగవలసిన తీరు గురించీ వేరువేరుగా అడుగుతుంటారు గానీ, నా దృష్టిలో రెండింటికీ కొలత ఒక్కటే: ఆసనంలో ఉన్నంతసేపు మన ధ్యాస గానీ పక్కవారి ధ్యాస గానీ చెదరకూడదు.

మొదటి రోజు నేను వేసుకువెళ్లింది కాళ్ల దగ్గర బాగా వెడల్పుగా ఉండే నూలు పైజామా, తుంటి దాకా వచ్చే వదులు చొక్కా. నిలబడి చేసే ఆసనాలు హాయిగానే గడిచాయి. అధోముఖ శ్వానాసనంలో నడుము పైకెత్తి తల వంచగానే చొక్కా వీపు మీదుగా జారి ముఖాన్ని కప్పేసింది. దాన్ని ఒక చేత్తో వెనక్కి లాక్కోబోతే బరువంతా రెండో మణికట్టు మీద పడింది. భుజంగాసనంలో బొందు ముడి పొట్ట కింద గులకరాయిలా ఒత్తుకుంది. సర్వాంగాసనంలో కాళ్లు పైకి లేపితే పైజామా మోకాళ్లు దాటి జారింది. ఆ గంటంతా శ్వాసను గమనించిన క్షణాల కంటే బట్టలు సర్దుకున్న క్షణాలే ఎక్కువ. ఆ పైజామాలో ఉన్న మరో లోపం రెండు వారాల తరువాత గురువుగారు చెబితే గానీ నాకు తెలియలేదు. వీరభద్రాసనంలో వంచిన మోకాలు పాదం వేళ్ల దిశగా ఉందో, లోపలికి వాలుతోందో ఆ వెడల్పాటి గుడ్డ వల్ల ఆమెకు కనబడటం లేదు. మోకాలు లోపలికి వాలే అలవాటు స్థిరపడితే కీలు మీద భారం పెరుగుతుంది కాబట్టి, ఒంటి తీరు కనబడేలా దుస్తులు ఉండటం అందం కోసం కాదని ఆ రోజు గట్టిగా అర్థమైంది.

ఆ తరువాత పాలిస్టర్ లెగ్గింగ్స్ కొన్నాను. తేలికగా ఉంటాయి, చెమటకు తడిసినా త్వరగా ఆరిపోతాయి, ఐదేళ్ల తరువాత కూడా రంగు వెలవలేదు. అయినా వాటికి నేను పూర్తి మార్కులు వేయలేను. వృక్షాసనంలో ఒక పాదాన్ని రెండో తొడ లోపలి వైపు ఆనించినప్పుడు, నున్నటి ఆ గుడ్డ మీద పాదం నిలవక మెల్లగా కిందికి జారుతుంది. దాన్ని పట్టి ఉంచడానికే శక్తి ఖర్చవుతుంది. నూలు మీద ఈ బాధ లేదు. పాలిస్టర్ పోగు చెమటలోని జిడ్డును పట్టి ఉంచుతుంది కనుక, ఏడాది తిరిగేసరికి ఉతికి ఆరేసిన లెగ్గింగ్స్ కూడా ఒంటి వేడి తగలగానే వాసన వేయసాగాయి. మెత్తదనం కోసం నేను పోస్తూ వచ్చిన ఫ్యాబ్రిక్ కండిషనర్ పోగుల మీద పొరలా పేరుకుని చెమట పీల్చనివ్వకుండా చేసిందని ఆలస్యంగా తెలుసుకున్నాను. అది మానేసి, ఇంటికి రాగానే తిరగేసి చన్నీళ్లలో జాడించడం మొదలుపెట్టాక వాసన చాలావరకు తగ్గింది.

నా మట్టుకు అన్నిటికంటే నమ్మకంగా నిలిచింది నూరింట 95 వంతులు నూలు, 5 వంతులు స్పాండెక్స్ ఉన్న ప్యాంటు. దానికి బొందు లేదు, జిప్పు లేదు, నడుము చుట్టూ వెడల్పాటి మెత్తని పట్టీ ఉంటుంది. లోపాలు లేకపోలేదు. రెండేళ్లకు మోకాళ్ల దగ్గర ఉబ్బింది, తొడలు ఒరుసుకునే చోట గుడ్డ ఉండలు కట్టింది, చెమట ఎక్కువ పట్టిన రోజు తడి బరువు తెలుస్తుంది. మొదటి జత ఎండలో ఆరేసి, వేడినీళ్లలో ఉతికి సాగే గుణాన్ని త్వరగా పోగొట్టుకున్నాను. నీడలో ఆరేస్తున్న రెండో జత మూడేళ్లుగా బిగి సడలకుండా ఉంది. పైన వేసుకునే టీషర్టు తుంటి దగ్గర ఒంటిని పట్టి ఉండాలి, లేదా ప్యాంటులోకి దోపుకోవాలి. వెన్ను మీద గుండీలు, గట్టి కుట్లు ఉన్నవి వెల్లకిలా పడుకున్నప్పుడు గుచ్చుకుంటాయి. జుట్టు తల వెనుక ముడి వేసుకుంటే, తరగతి చివర వెల్లకిలా కదలకుండా పడుకునే శవాసనంలో మెడ ముందుకు వంగిపోతుంది కనుక, నడినెత్తిన ముడవడమో పక్కకు జడ వేసుకోవడమో మేలు. కొనేముందు ఒక్క పరీక్ష చాలు: మంచి వెలుతురులో అద్దానికి వీపు పెట్టి, వంగి మునివేళ్లు పట్టుకోండి, ఆపైన గొంతుకూర్చోండి. గుడ్డ పలచబడి లోపలిది కనబడినా, నడుము పట్టీ జారినా ఆ దుస్తులు తరగతికి పనికిరావు.

మేజోళ్లతో ఆసనాలు చేయవద్దు, పాదం జారుతుంది. చెప్పులు బయట విడిచి, పాదాలు కడుక్కుని లోపలికి వెళ్లడం మన తరువాత ఆ నేల మీద నుదురు ఆనించేవారికి మనమిచ్చే గౌరవం. మ్యాట్ సాధారణంగా 68 అంగుళాల పొడవు, 24 అంగుళాల వెడల్పు ఉంటుంది. మందం 4 నుంచి 6 మిల్లీమీటర్లు చాలు, అంతకంటే మరీ మందమైతే ఒంటికాలి మీద నిలబడేటప్పుడు పాదం ఊగుతుంది. ఎంత తొందరలో ఉన్నా పరాయివారి మ్యాట్ తొక్కుతూ నడవకూడదు.

రెండో ఏడు ఒకరోజు ఎక్కడికో వెళ్లి, పూసుకున్న సెంటు ఘాటుగా ఉండగానే తరగతికి వచ్చాను. ప్రాణాయామం మొదలై అందరూ దీర్ఘంగా శ్వాస తీసుకోగానే పక్కనున్న పెద్దావిడకు దగ్గు తెర పట్టుకుంది. ఆమె ఒక్క మాటా అనకుండా మ్యాట్ చుట్టుకుని గది చివరకు వెళ్లారు. ఊపిరితోనే సాధన చేసే చోట మన ఒంటి వాసన మన సొంత విషయం కాదని నాకు అంతగా తెలిసివచ్చిన సందర్భం మరొకటి లేదు. అప్పటినుంచి సెంటు మానేశాను. ఫోను సంగతీ అంతే: మోగకుండా పెడితే సరిపోదు, చెక్క నేల మీద దాని అదురు గది అంతటా పాకుతుంది, ఆపేసి సంచిలో పెట్టాలి.

నిండు భోజనానికీ తరగతికీ మధ్య మూడు నాలుగు గంటల ఎడం ఉండాలి. పది నిమిషాల ముందే వెళితే మోకాలి నొప్పి, రక్తపోటు, కంట్లో నీటికాసులు (గ్లాకోమా), గర్భం వంటివి గురువుగారికి విడిగా చెప్పే వీలుంటుంది. తలకిందులుగా చేసే ఆసనాలు ఎవరు మానాలో ఆమె దాన్ని బట్టే నిర్ణయిస్తారు. చేత్తో పట్టి సరిదిద్దడం మీకు ఇష్టం లేకపోతే అదీ అప్పుడే చెప్పండి, అందులో మొహమాటపడవలసింది ఏమీ లేదు. పక్కవారి ఆసనం తప్పుగా కనబడినా మనం సరిదిద్దకూడదు. వారి వెన్నుకు ఏ శస్త్రచికిత్స జరిగిందో మనకు తెలియదు.

త్వరగా వెళ్లవలసి ఉంటే శవాసనానికి ముందే చప్పుడు లేకుండా వెళ్లిపోవాలి గానీ మధ్యలో లేవకూడదు. శవాసనంలో ఉండే పది నిమిషాల్లో ఒళ్లు చల్లబడుతుంది, తడిసిన నూలు వీపుకు చలి పుట్టిస్తుంది. అందుకని నేను ఒక పలచని దుప్పటినీ, ఆసనాలు అయ్యాక తొడుక్కోవడానికి ఒక జత మేజోళ్లనూ మడతపెట్టి మ్యాట్ తలవైపు ముందే ఉంచుకుంటాను.