పావురాల వల పిల్లిని ఆపదు: పెంపుడు పిల్లి పక్కింటికి పోకుండా ఏది కొనాలి, ఏది కొనకూడదు

పిల్లిని పెంచుకునేవాళ్ల ఇంటికి బాల్కనీ ఉంటే వాళ్లు పెట్టాల్సిన మొదటి ఖర్చు మెడపట్టీ కాదు, గోళ్లు గీసుకునే స్తంభమూ కాదు, వల. పిల్లి ఎదుటివాళ్ల గడప దాటకుండా చూడాల్సింది పెంచేవాళ్లే కాబట్టి ఆ ఖర్చు కూడా వాళ్లదే. పక్కింటివాళ్లు తమ కుండీలనో, మేడ మీద ఆరబెట్టిన వడియాలనో, బండి సీటునో కాపాడుకోవడానికి సొంత డబ్బుతో ఏదో ఒకటి కొనుక్కోవాల్సి వచ్చిందంటే అప్పటికే వ్యవహారం చెడినట్టు. ఈ పని కోసం బజారులో దొరికేవాటిలో కొన్ని నిజంగా పనిచేస్తాయి, కొన్ని డబ్బు దండగ, కొన్ని పిల్లి ప్రాణం మీదికి తెస్తాయి.

సేఫ్టీ నెట్ బిగించేవాళ్లకు ఫోన్ చేసి ఇంకేమీ చెప్పకపోతే వాళ్లు తెచ్చేది పావురాల వల. దాని కన్ను (దారాల మధ్య ఖాళీ) 50 మి.మీ., అంటే రెండంగుళాలు. పావురం ఆగుతుంది, పిల్లికూన ఆగదు. తల పట్టిన సందులో మామూలుగా పిల్లికి ఒళ్లంతా పడుతుంది. దాని జత్రువు (మెడ కింది అడ్డ ఎముక) మిగతా ఎముకలకు అతుక్కోకుండా కండల మధ్య తేలుతూ ఉంటుంది కాబట్టి భుజాలు ముడుచుకుని బయటపడుతుంది. పెద్ద పిల్లి దూరలేకపోయినా తల పెట్టి ఇరుక్కోవచ్చు, అది ఇంకా ప్రమాదం. అందుకే ఫోన్‌లోనే ‘పిల్లి కోసం, 30 మి.మీ. కన్ను’ అని గట్టిగా చెప్పాలి. ఇంట్లో కూనలుంటే 25 మి.మీ. అడగాలి.

దారం విషయంలో నైలాన్‌కే నా ఓటు. హెచ్‌డీపీఈ అనే ప్లాస్టిక్ వల కాస్త చవక, కానీ గోరు తగిలినచోటల్లా పీచు లేస్తుంది, ఎండకు సాగి జోలెలా వేలాడుతుంది. సాగిన వల మీదికి పిల్లి ఇష్టంగా ఎక్కుతుంది. దారం మందం ఒకటిన్నర మి.మీ.కు తగ్గకూడదు. అరచేతంత ముక్క అడిగి తీసుకుని తాళంచెవి పళ్లతో దారాన్ని పదిసార్లు రుద్దండి. పోగులు విడిపోతే ఆ సరుకు వద్దు. ఎండను తట్టుకునేలా తయారైనదేనా అని కూడా అడగండి, బిల్లు మీద ఆ మాట రాయించుకోండి. ధర ఊరిని బట్టి, అంతస్తును బట్టి మారుతుంది. చదరపు అడుగుకి పాతిక రూపాయలకు అటూ ఇటూ చెబితే అది మామూలు ధరే అనుకోవచ్చు.

అసలు కథ బిగింపులో ఉంది. పది అడుగుల వెడల్పు, తొమ్మిది అడుగుల ఎత్తున్న బాల్కనీనే తీసుకోండి. పైన, రెండు పక్కలా అడుగుకొక కొక్కెం, కింద మాత్రం ఎనిమిది అంగుళాలకొకటి ఉండాలి. పిల్లి తోసేది, తవ్వేది కిందనే కదా. ఆ లెక్కన నలభైకి పైగా కొక్కేలు పడతాయి. పావురాల లెక్కలో రెండడుగులకొకటి చొప్పున ఇరవై కొక్కేలు పట్టుకుని వస్తే పని మొదలుపెట్టకముందే ఆపండి. 6 మి.మీ. బిట్‌తో రంధ్రం వేసి, ప్లాస్టిక్ ప్లగ్ దించి, కొక్కెం తిప్పుతారు. వల అంచు చుట్టూ లావుపాటి తాడు కుట్టి ఉండాలి, కొక్కేనికి తగిలించాల్సింది ఆ తాడునే. కంటికి తగిలిస్తే నెలల్లో తెగుతుంది. తగిలించాక ప్రతి కొక్కెం నోరూ కటింగ్ ప్లేయర్‌తో నొక్కి మూయించండి. ఈ ఒక్క పని చాలామంది చేయరు. తెరిచి ఉన్న కొక్కెంలోంచి తాడు జారడానికి పిల్లి రెండుసార్లు ఎగిరితే చాలు.

కింద టైల్స్ ఉంటే సుత్తి మోడ్‌లో డ్రిల్ చేయనివ్వకండి, టైల్ పగులుతుంది. ముందు టైల్ బిట్‌తో పైపొర తీసి తర్వాత సిమెంట్ బిట్ వాడాలి. అంతా అయ్యాక మోకాళ్ల మీద కూర్చుని కింది అంచు పొడవునా పిడికిలితో తోస్తూ వెళ్లండి. పిడికిలి బయటికి పోయినచోట పిల్లీ పోతుంది. ఎక్కువగా తప్పు దొరికేది నాలుగు చోట్ల: వాననీరు పోయే గొట్టం మూల, ఏసీ పైపులు గోడలోకి వెళ్లే చోటు, వాషింగ్ మెషీన్ నీళ్ల దారి, గాజు రెయిలింగ్ అడుగున ఉండే రెండు మూడంగుళాల సందు. మొదటి మూడింటికీ వల ముక్కను కేబుల్ టైతో కట్టవచ్చు. గాజు కింద మాత్రం అల్యూమినియం ఎల్ యాంగిల్ వేయించక తప్పదు.

బయటి గోడకు రంధ్రాలు వేసేముందు అసోసియేషన్‌కు ఒక మాట రాసి ఇవ్వండి. కింది అంతస్తువాళ్లకు ఏ రోజు, ఏ వేళకు డ్రిల్లింగో చెప్పండి, వాళ్ల బట్టలు, కుండీలు లోపల పెట్టుకుంటారు. పైఅంతస్తుల్లో పనిచేసే కుర్రాడికి నడుం బెల్టు, తాడు లేకపోతే పని చేయించకండి. ధర ఎంత తగ్గినా అలాంటివాళ్లను పిలవొద్దు.

ఇన్విజిబుల్ గ్రిల్, అంటే సన్నని స్టీలు తీగల గ్రిల్ గురించి అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. చూడ్డానికి బాగుంటుంది, చదరపు అడుగుకి వంద పైమాటే. చిన్నపిల్లలున్న ఇంటికి మంచి వస్తువే, పిల్లికి మాత్రం కాదు. తీగల మధ్య రెండు మూడంగుళాల ఎడం ఉంటుంది, అడ్డతీగలు ఉండవు కాబట్టి తల పెట్టి తోస్తే ఆ ఎడం ఇంకా విచ్చుకుంటుంది. ఇప్పటికే వేయించుకుని ఉంటే దాని లోపలి వైపు 30 మి.మీ. వల కట్టండి.  కొత్తగా వేయించేవాళ్లు, అందులోనూ విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లవాళ్లు ఎస్‌ఎస్ 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు తీగే అడగండి, 304 రకం ఆ గాలికి తొందరగా మచ్చ పడుతుంది.

కిటికీల సంగతి చిన్నదే. వెల్‌క్రోతో అతికించే దోమతెరను పిల్లి ఒక్క లాగుకు ఊడదీస్తుంది. మడతలు పడే ప్లీటెడ్ తెర ఇంకా అన్యాయం, అంత డబ్బు పోసి కొన్నాక లోపలి దారం ఒక్కటి తెగితే మొత్తం వాలిపోతుంది. అల్యూమినియం ఫ్రేములో స్టీలు జాలీ బిగించి స్క్రూలు వేయించుకోవడమే మేలు.

సొంత ఇల్లు, కాంపౌండ్ గోడ ఉన్నవాళ్ల కష్టం వేరు. గోడ ఆరడుగులైనా పిల్లికి అది అడ్డు కాదు. గోడ పైన లోపలికి వాలేలా యాంగిళ్లు నిలిపి, ఒకటిన్నర నుంచి రెండడుగుల వల పరిస్తే చాలావరకు ఆగుతుంది. కింది నుంచి ఎగిరిన పిల్లికి ఆ చూరు దాటడానికి పట్టు దొరకదు. వాలు మీ వైపే ఉండాలి, అంగుళం కూడా పక్కవాళ్ల హద్దులోకి పోకూడదు. గోడ ఉమ్మడిదైతే వాళ్లను అడగకుండా మేకు కూడా కొట్టకండి. గోడ పక్కన జామచెట్టో, మునగచెట్టో ఉంటే మొదలుకు నాలుగడుగుల ఎత్తున రెండడుగుల వెడల్పు రేకు చుట్టాలి. ఇళ్లు మేడకు మేడ ఆనుకుని ఉండే పాత వీధుల్లో ఇవేవీ పనిచేయవు. అక్కడ మేడ మీదో, వెనక వరండాలోనో ఒక అంగుళం వెల్డ్ మెష్‌తో పంజరపు గది కట్టించడమే దారి. కోతుల బెడద ఉన్నచోట కూడా అంతే, నైలాన్ వలను కోతి చింపేస్తుంది.

ఇక పక్కింటివాళ్లు కొనే సరుకు. కుండీల్లో కలరా ఉండలు వేయడం చాలామందికి అలవాటు. అది నాఫ్తలీన్, పిల్లి నాకినా మింగినా రక్తకణాలు, కాలేయం దెబ్బతింటాయి. మట్టిలో వేస్తే కుండీలోని ఆకుకూరకూ మంచిది కాదు. నల్ల ఫినాయిల్ మరీ ప్రమాదం. అందులోని ఫినాల్ రసాయనాలను విరిచే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. తడి నేల మీద నడిచి పాదాలు నాక్కున్నా విషమెక్కుతుంది. కాఫీ పొడి కూడా చల్లొద్దు. అల్ట్రాసోనిక్ యంత్రాలు కొన్ని పిల్లులను కొన్నాళ్లు బెదరగొడతాయేమో గానీ, అలవాటుపడిన పిల్లి దాని పక్కనే పడుకుంటుంది. ఆ డబ్బు పెట్టొద్దు. కుండీలకు పనిచేసేది చవకైన కోడి జాలీ. మట్టి మీద పరిచి మొక్క మొదలు చుట్టూ కత్తిరిస్తే తవ్వడానికి చోటుండదు. కోడిగుడ్డంత గులకరాళ్లు పరిచినా అదే ఫలితం. ఇందులో ఏది కొన్నా బిల్లు పిల్లి యజమానికి ఇవ్వండి, మొహమాటపడాల్సిన పని లేదు.

పిల్లి ఒకసారి తడిపిన చోట ఫినాయిల్ కొట్టి కడిగితే మన ముక్కుకు వాసన పోతుంది, దాని ముక్కుకు పోదు. అమోనియా ఉన్న క్లీనర్ అయితే ఇంకా పిలిచినట్టే. ఎంజైమ్ క్లీనర్ ఒక్కటే మూత్రంలోని యూరిక్ ఆమ్లాన్ని విరుస్తుంది. పోసి వెంటనే తుడవకుండా పదిహేను నిమిషాలైనా నాననివ్వాలి. ఇది పెంచేవాళ్లింట్లో ఒక సీసా ఎప్పుడూ ఉండాలి, పక్కింటి గుమ్మం తడిస్తే తామే వెళ్లి శుభ్రం చేయడానికి.

మెడపట్టీ కొనేటప్పుడు ఒక మోసం గమనించండి. ‘బ్రేక్‌అవే’ (లాగుడు పడితే తనంతట ఊడేది) అని రాసి అమ్మేవాటిలో చాలావరకు వేళ్లతో నొక్కితేనే ఊడే మామూలు బకిల్. కొమ్మకో, వలకో తగిలితే అది ఊడదు, ఉరి పడుతుంది. కొన్నాక రెండు కొసలూ పట్టుకుని లాగండి. కాస్త బలానికే ఊడితేనే అసలైనది. మెడకూ పట్టీకీ మధ్య రెండు వేళ్లు పట్టాలి. దాని మీద ఫోన్ నంబరు రాయించండి. క్యూఆర్ బిళ్ల కన్నా అంకెలే నయం, వాచ్‌మన్ కూడా చదివి ఫోన్ చేయగలడు. జాడ తెలిపే యాపిల్ బిళ్ల ఎయిర్‌ట్యాగ్ బరువు కొద్ది గ్రాములే కానీ, దగ్గర్లో యాపిల్ ఫోన్లు ఉంటేనే జాడ తెలుస్తుంది. మన కాలనీల్లో ఎక్కువ ఫోన్లు ఆండ్రాయిడ్‌వే, అందుకని దాన్ని నమ్ముకోలేం.

వీటన్నిటి కన్నా ఎక్కువ ఫలితమిచ్చే ఖర్చు పిల్లలు పుట్టకుండా చేయించే ఆపరేషన్. మగపిల్లి గోడల మీద చిమ్మే ఘాటైన మూత్రం, రాత్రి కొట్లాటలు, ఆడపిల్లి ఎదకొచ్చినప్పటి అరుపులు, ఇవన్నీ దీనితో బాగా తగ్గుతాయి. అయిదారు నెలల వయసులో చేయించాలి. నాలుగైదు నెలలకే కడుపుతో ఉండే పిల్లులూ ఉన్నాయి, గర్భం తొమ్మిది వారాలు. పక్కింటి మెట్ల కింద పుట్టిన కూనలు మీ పిల్లివే అయితే వాటి బాధ్యత మీదే.

రేబిస్ టీకా మూడు నెలలు నిండాక, తర్వాత డాక్టరు చెప్పిన ప్రకారం ఏటేటా. టీకా కార్డు ఫొటో ఫోన్‌లో ఉంచుకోండి. మీ పిల్లి ఎవరినైనా గీరితే, కరిస్తే వాళ్లు సబ్బుతో, ధారగా నీళ్లు పోస్తూ పదిహేను నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్లాలి. ‘మా పిల్లికి టీకా వేయించాంలెండి’ అని వాళ్లను ఆపకండి. వాళ్లకు సూదులు అవసరమా కాదా అన్నది డాక్టరు చెప్పాల్సిన మాట. పిల్లిని పదిరోజులు ఇంట్లోనే ఉంచి గమనించండి, ఆసుపత్రి ఖర్చు మీరు పెట్టుకోండి.

చట్టం రెండు వైపులా ఉంది. పెంపుడు జంతువులను మొత్తంగా నిషేధించే అధికారం అసోసియేషన్లకు లేదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే చెప్పింది. పిల్లికి విషం పెట్టినా, చంపినా, అవిటిదాన్ని చేసినా భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద అయిదేళ్ల వరకు జైలు. జంతువు వల్ల మనిషి ప్రాణానికో, తీవ్ర గాయానికో ముప్పుందని తెలిసీ యజమాని పట్టించుకోకపోతే 291వ సెక్షన్ ఉంది, ఆరు నెలల వరకు జైలు, అయిదు వేల వరకు జరిమానా. గోనెసంచిలో కట్టి ఊరవతల వదిలి రావడం ఎవరికీ హక్కు కాదు.

వల పడ్డాక బయటికి అలవాటుపడ్డ పిల్లి తెల్లవారుజామున తలుపు దగ్గర అరుస్తుంది. ఆ అరుపులకు జాలిపడి ఒక్కసారి తలుపు తీస్తే మళ్లీ మొదటికొస్తుంది. సాయంత్రం చీకటి పడే వేళ పదిహేను నిమిషాలు దారానికి ఈక కట్టి ఆడించి, రాత్రి భోజనం పడుకోబోయే ముందు పెట్టండి. ఇసుక తొట్టెలు పిల్లికొకటి, పైన ఇంకొకటి ఉండాలి, లోతు రెండు మూడంగుళాలు. రోజూ తీయాలి. మలంలో టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి ఉంటే అది అంటుకునే దశకు రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది, కాబట్టి రోజు దాటనివ్వకూడదు. గర్భిణులు ఆ పని చేయకుండా ఉండడం మంచిది. బెంటొనైట్ ఇసుకను మాత్రం టాయిలెట్‌లో పోయకండి, అది తడికి ఉబ్బి గట్టిపడుతుంది, మూసుకుపోయేది కింది ఇళ్లన్నిటి పైపు. కవర్లో కట్టి చెత్తబండికి ఇవ్వండి.