చెన్నై నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు: చుక్కాని పట్టిన గాలిరెక్క

జనవరిలో, నెల్లూరు మిత్రుడి 36 అడుగుల తెరచాప పడవలో ముగ్గురం చెన్నై నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు (ఇప్పటి శ్రీ విజయపురం) వెళ్లి వచ్చాము. దూరం సుమారు 1,370 కిలోమీటర్లు. వెళ్లడానికి ఆరు రోజులు పట్టింది. దారిలో చాలావరకు చుక్కాని పట్టింది మేము కాదు, పడవ వెనక బిగించిన గాలిరెక్క; గాలిని బట్టి పడవను తనంతట తానే నడిపే పరికరం అది.

బయలుదేరే ముందు ఎగ్మూరు స్టేషను దగ్గరి లాడ్జిలో నాలుగు రోజులున్నాము. గది ఇరుకే అయినా శుభ్రంగా ఉంది, పక్క వీధిలోనే ఆంధ్రా మెస్సు. హార్బరులో కాగితాల పనికి రెండు రోజులు కేటాయించుకోవడం మంచిది. మన్నడిలో ఒక లేత్ పనివారు గాలిరెక్క ఇరుసుకు నైలాన్ బుష్‌ను (ఇరుసు తిరిగే చిన్న గొట్టాన్ని) అరగంటలో, వెంట్రుకంత తేడా లేకుండా చేసిచ్చారు. జార్జిటౌన్‌లో ఒక దుకాణం మాత్రం ఉప్పునీటికి సులువుగా తుప్పు పట్టని 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు అని చెప్పి, రెక్కకు మామూలు ఇనుప పిన్ను అంటగట్టింది.

ఈ గాలిరెక్క పరికరానికి కరెంటు అక్కర్లేదు. పడవ దారి తప్పగానే, గాలికి అంచు చూపుతూ నిలిచిన పలుచని ప్లైవుడ్ రెక్కకు ఒక పక్క గాలి తగిలి అది వాలుతుంది. ఆ కదలిక నీటిలోని తెడ్డును కొద్దిగా తిప్పుతుంది. పరుగెత్తే నీరు ఆ తెడ్డును లోలకంలా పక్కకు నెట్టినప్పుడు, దానికి కట్టిన తాళ్లు కప్పీల మీదుగా చుక్కాని పిడిని లాగుతాయి. చిన్న రెక్క దిశ చూపితే చాలు, బలమంతా నీటిదే. 2022లో మొదలైన గోల్డెన్ గ్లోబ్ పందెంలో (ఒంటరిగా తెరచాప పడవలో భూగోళం చుట్టే పోటీ) ఎలక్ట్రానిక్ ఆటోపైలట్ నిషిద్ధం; భారత నావికుడు అభిలాష్ టోమీ ఇలాంటి గాలిరెక్కను నమ్ముకునే భూగోళం చుట్టి రెండో స్థానంలో నిలిచారు.

ఇది దిక్సూచిని కాదు, గాలిని అనుసరిస్తుంది. గాలి దిశ మారితే పడవా చడీచప్పుడు లేకుండా తిరిగిపోతుంది కనుక గంటకోసారి దిక్సూచి చూడాలి. ఈశాన్య గాలి ఎడమ ముందు వైపు నుంచి వీచినంతసేపు, పెద్ద తెరచాపను కొంత కుదించి పిడి మీద భారం తగ్గించాక, అది రాత్రంతా మాకంటే నిలకడగా నడిపింది.

మూడో రోజు తెల్లవారుజామున పడవ పాములా మెలికలు తిరగసాగింది. టార్చి వేసి చూస్తే ఆ పిన్ను ఎర్రగా తుప్పు ఉబ్బి, రెక్కను కదలనివ్వక పట్టేసింది. మిత్రుడు పిడి పట్టుకుంటే, నేను నడుముకు తాడు కట్టుకుని వెనక్కి వంగి దాన్ని సుత్తితో కొట్టి తీసి, వెంట ఉన్న మారు పిన్ను వేశాను. కొనేటప్పుడే అయస్కాంతం పెట్టి చూడండి. మంచి 316 రకానికి అది దాదాపు అంటుకోదు.

తిరుగు ప్రయాణంలో గాలి కుడి వెనక నుంచి వచ్చింది. చివరి రాత్రి అది బాగా సన్నగిల్లి, రెక్కకు బలం చాలలేదు. మెరీనా దీపస్తంభం వెలుగు కనబడేదాకా రెండేసి గంటల వంతున మేమే చుక్కాని పట్టాము.