మద్రాసులో పూర్వీకుల జాడ: లండన్ నకళ్లా, చెన్నై రిజిస్టర్లా?

ఈస్టిండియా కంపెనీ కాలపు మద్రాసులో యూరోపియన్, ఆంగ్లో ఇండియన్ పూర్వీకుల కోసం వెతికేవాళ్లందరికీ వచ్చే సందేహమే ఇది. అప్పట్లో చర్చి రిజిస్టర్లలోని బాప్టిజం, పెళ్లి, ఖననం వివరాలకు నకలు తీసి లండన్‌కు పంపేవారు, ఆ నకళ్లిప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఎన్/2 వరుసలో ఉన్నాయి. అసలు రిజిస్టర్ల కోసమైతే చెన్నై వెళ్లాలి.

ఖర్చు: నకళ్లను చందా కట్టి ఫైండ్‌మైపాస్ట్ అనే వంశచరిత్ర వెబ్‌సైట్‌లో చూడొచ్చు, ఫిబిస్ (బ్రిటిష్ ఇండియా కుటుంబాల చరిత్ర సంఘం) ఆన్‌లైన్ సూచికలో వెతకడం ఉచితం. చెన్నై వెళ్లాలంటే ప్రయాణం, బస, ముందే ఉత్తరం రాసి అనుమతి.

శ్రమ: ఇంట్లో కూర్చుని పేరు కొడితే చాలు, కాకపోతే ఒకే ఇంటిపేరును నాలుగు రకాల స్పెల్లింగులతో వెతకాలి. చెన్నైలో పేజీ పేజీ తిప్పాల్సిందే.

రిస్క్: నకలు రాసిన గుమాస్తా తేదీనో పేరునో తప్పు రాసి ఉండొచ్చు. అసలు రిజిస్టరుకు ఎండ, చెద, తేమ శత్రువులు. ఇక సమాధి రాయిని చూసి ఇక్కడే పూడ్చారని అనుకోకండి: ఫోర్ట్ సెయింట్ జార్జిలో 1680 నాటి సెయింట్ మేరీస్ చర్చి చుట్టూ నేలమీద పరిచిన రాళ్లు చాలావరకు పాత శ్మశానం నుంచి తెచ్చినవి, 1758-59 ఫ్రెంచి ముట్టడిలో ఆ సమాధులే శత్రువుకు చాటయ్యాయి కాబట్టి తర్వాత అక్కడినుంచి తీసేశారు.

పేరు, సుమారు సంవత్సరం మాత్రమే తెలిస్తే నకళ్లతోనే మొదలుపెట్టండి, డబ్బు వృథా కాదు. తేదీ దొరికి, వివరాల్లో తేడా కనిపిస్తేనో, నకలే లేకపోతేనో చెన్నై టికెట్ కొనండి. మీ పూర్వీకులు హిందువులైతే మాత్రం ఈ రెండూ వదిలేసి ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌ను, పాత ఆస్తి దస్తావేజులను పట్టుకోండి.