బెర్లిన్ 1948: రోడ్డు తెరిపించడమా, ఆకాశం నుంచి అన్నం పెట్టడమా?

1948 జూన్ 24న సోవియట్ సైన్యం, తన అధీనంలోని తూర్పు జర్మనీ మధ్యలో ఉన్న పశ్చిమ బెర్లిన్‌కు వెళ్లే రోడ్లు, రైలు మార్గాలు, కాలువలు మూసేసింది. అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్ అధీనంలోని జర్మనీ పశ్చిమ మండలాల్లో కొత్త మార్కు కరెన్సీ ప్రవేశపెట్టినందుకు స్టాలిన్ ఇచ్చిన జవాబు అది. ఇరవై లక్షలకు పైగా జనం చిక్కుకుపోయారు. ఈ మూడు మిత్రరాజ్యాలకు మిగిలినవి మూడు దారులు: నగరం వదిలేసి పోవడం, సైన్యాన్ని తోడిచ్చి లారీలు పంపడం, విమానాల్లో సరుకులు చేరవేయడం.

వదిలేసి పోవడం గురించి చర్చే అనవసరం. నమ్ముకున్న వాళ్లను గాలికి వదిలేశాక, ఆ మాట మీద పశ్చిమ ఐరోపాలో మరెవరు నిలబడతారు?

అసలు పోటీ మిగతా రెండింటి మధ్యే. అమెరికా సైనిక గవర్నర్ జనరల్ లూషియస్ క్లే లారీల వైపు మొగ్గాడు. రష్యన్లు బెదిరిస్తున్నారే తప్ప యుద్ధానికి దిగరని ఆయన నమ్మకం. అది నిజమే కావచ్చు. కానీ వాళ్లు కాల్చనక్కరలేదు, మరమ్మతు పేరుతో ఒక వంతెన విప్పేస్తే చాలు. అప్పుడు లారీలు వెనక్కి తిరగాలి, లేదా తుపాకి ముందు మనమే పేల్చాలి. దిగ్బంధానికి ముందు, అదే ఏడాది ఏప్రిల్‌లో పంపిన సైనిక రైలుకు జరిగిందీ అదే: దాన్ని పక్క పట్టాల మీదికి మళ్లించి నిలబెట్టేశారు. కొన్ని రోజులు చూసి అది వెనుదిరిగింది.

ఆకాశంలో లెక్క తలకిందులవుతుంది. మూడు గగన మార్గాలకు 1945 నవంబరులో రాతపూర్వక ఒప్పందం ఉంది, రోడ్డుకు అలాంటిది లేదు. పైగా విమానానికి అడ్డుకర్ర వేయలేరు, కూల్చాల్సిందే. మొదటి తూటా భారం అవతలి వాళ్ల నెత్తిన పడింది. నా దృష్టిలో తూకం ఇక్కడే తేలిపోయింది.

అలాగని ఇది సులువైన దారి కాదు. నగరానికి రోజుకు కనీసం 4,500 టన్నులు కావాలి. మొదట్లో వాడిన సి-47 విమానం మోసేది మూడు టన్నులు. సరుకులో మూడింట రెండు వంతులు బొగ్గే, బస్తాలకెత్తి మోయాలి. ఉప్పయితే విమానం లోహాన్ని తినేస్తుంది. అందుకే సముద్రపు నీటికి తట్టుకునేలా కట్టిన బ్రిటిష్ సండర్లాండ్ విమానాల్లో తెచ్చి, హాఫెల్ సరస్సు నీళ్ల మీద దించారు. శీతకాలపు పొగమంచులో ఒక దశలో బొగ్గు వారానికి సరిపడా మాత్రమే మిగిలింది. ఈ రవాణాలో 101 మంది ప్రాణాలు పోయాయి. ఖర్చు లెక్కలో ముందు రాయాల్సింది ఈ సంఖ్యే.

పని తీరు మార్చింది ఈ విమాన రవాణాను నడిపిన అమెరికా జనరల్ విలియం టన్నర్. దిగడంలో తప్పిన విమానం చక్కర్లు కొట్టకుండా సరుకుతో సహా తిరిగిపోవాలని నియమం పెట్టాడు. 1949 ఏప్రిల్ 16తో ముగిసిన ఒక్క రోజులో దాదాపు 13,000 టన్నులు దిగాయి. మే 12న దిగ్బంధం ఎత్తేశారు. అయినా సెప్టెంబరు 30 దాకా విమానాలు తిరుగుతూనే ఉన్నాయి, మళ్లీ రోడ్డు మూస్తే తట్టుకునేలా నగరం గోదాములు నింపుతూ.